మిద్దె మీద మాడ్యులర్ గది

ఫ్యాక్టరీలో భాగాలుగానో పూర్తి పెట్టెగానో తయారై, జనం కాపురముంటున్న ఇంటి మీదో పక్కనో తెచ్చి బిగించే గదిని మాడ్యులర్ అదనపు గది అంటారు. ఇటుక పేర్చడం, సెంట్రింగ్ కొట్టడం, స్లాబు పోసి రోజుల తరబడి నీళ్లు పట్టడం ఇందులో ఉండవు. ఉక్కు చట్రం, గోడ పలకలు, కప్పు పలకలు, తలుపులు, కిటికీలు కొలత ప్రకారం ముందే సిద్ధమై వస్తాయి. ఇంటి దగ్గర జరిగేది కూర్పు పని మాత్రమే. ఉన్న ఇంటిని కూల్చకుండా చోటు పెంచుకోవడానికి వీలవుతుంది కాబట్టి, నిర్మాణ రంగంలో కాలుష్యం తగ్గించే పద్ధతుల్లో దీన్నీ లెక్కిస్తున్నారు.

మామూలు మాటల్లో దీన్ని పోర్టా క్యాబిన్, పఫ్ ప్యానెల్ గది, కంటైనర్ గది, పెంట్‌హౌస్ అని రకరకాలుగా పిలుస్తారు. ఇవన్నీ ఒకటి కావు. రేకుల షెడ్డుకూ, లెక్క ప్రకారం రూపొందించిన మాడ్యులర్ గదికీ తేడా కంటికి అంతగా కనిపించదు. అది తెలిసేది పెద్ద గాలి వీచినప్పుడు, పెద్ద వాన పడినప్పుడు.

తిరుపతిలో అవసరం

శేషాచలం కొండల పాదాన అలిపిరి, కపిలతీర్థం. అక్కడి నుంచి దక్షిణంగా గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ పాత ఊరు. 1886లో మునిసిపాలిటీ అయిన తిరుపతి 2007లో నగరపాలక సంస్థగా మారింది. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనాభా సుమారు 2.87 లక్షలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. ఉత్తరాన కొండ, అడవి అడ్డు ఉండటంతో ఊరు అటు పెరగలేదు. పెరిగిందంతా తక్కిన దిక్కులకే. పాత వీధుల్లో ఉన్నవాళ్లకు మిగిలిన దారి పైకి పోవడమే.

గిరాకీకీ లోటు లేదు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ వచ్చాయి. వీటికి తోడు వైద్య కళాశాల, స్విమ్స్ ఆసుపత్రి ఉండనే ఉన్నాయి. చదువుకునే పిల్లలు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు, తిరుమల కొండకు వచ్చే యాత్రికులు అద్దె గదుల కోసం వెతుకుతూనే ఉంటారు. కొర్లగుంట, బైరాగిపట్టెడ, భవానీ నగర్ లాంటి పేటల్లో 30, 40 ఏళ్ల కిందట ఒక అంతస్తుగా కట్టిన ఇంటిపై ఒక గది వేస్తే నెలనెలా అద్దె వస్తుంది, లేదా పెళ్లయిన కొడుకుకు చోటు దొరుకుతుంది. ఇటుక, కాంక్రీటుతో వేయాలంటే కింద కాపురం ఉండగానే నెలల తరబడి ఇసుక, కంకర, నీళ్లు మెట్ల మీదుగా పైకి మోయాలి. మాడ్యులర్ గది మీద ఆసక్తి పుట్టింది ఇక్కడే.

చరిత్ర

ముందే పోతపోసిన భాగాలతో కట్టడం తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాదులోని కాచిగూడ రైల్వే స్టేషన్‌ను 20వ శతాబ్ది రెండో దశకంలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ముందే పోసిన కాంక్రీటు భాగాలతో కట్టించాడు. దేశంలో ఈ తరహా తొలి కట్టడాల్లో దాన్ని ఒకటిగా చెబుతారు. దేశ విభజన తర్వాత కాందిశీకులకు ఇళ్లు త్వరగా కట్టేందుకు 1948లో ఢిల్లీలో ప్రభుత్వ గృహ నిర్మాణ ఫ్యాక్టరీ మొదలైంది. అదే తర్వాత హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ లిమిటెడ్ అయింది.

అప్పటి ఉత్పత్తులన్నీ బరువైన కాంక్రీటు పలకలు. పాత ఇంటి నెత్తిన పెట్టడానికి అవి పనికిరావు. తేలిక గోడలకు దారి చూపినవి ఆ తర్వాత వచ్చిన ఫైబర్ సిమెంటు బోర్డు, రెండు రేకుల మధ్య నురుగు నింపిన శాండ్‌విచ్ పలక, వేడి చేయకుండా వంచి తీసిన పలుచని గాల్వనైజ్డ్ ఉక్కు చట్రం. హైదరాబాదు కేంద్రంగా హెచ్‌ఐఎల్ పేరుతో పనిచేసిన సంస్థ ఏరోకాన్ పలకలు, విశాక ఇండస్ట్రీస్ వారి వీనెక్స్ట్ బోర్డులు తెలుగు రాష్ట్రాల మేస్త్రీలకు బాగా పరిచయమైన సరుకు.

2021 జనవరి 1న కేంద్రం ఆరు నగరాల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. ఒక్కో నగరంలో ఒక్కో కొత్త పద్ధతి. ఇండోర్‌లో శాండ్‌విచ్ పలకలు, అగర్తలాలో తేలిక ఉక్కు చట్రం, రాంచీలో గదులకు గదులే పోతపోసి పేర్చే విధానం, తిరుపతికి పొరుగునున్న చెన్నైలో ముందే పోసిన కాంక్రీటు భాగాలు. చెన్నైలోని పెరుంబాక్కంలో ఇలా కట్టిన 1,152 ఇళ్లు 2022 మేలో ప్రారంభమయ్యాయి. అంతకుముందే నెల్లూరులో కేంద్ర సంస్థ బీఎంటీపీసీ నమూనాగా 36 ఇళ్లు కట్టింది. వాటికి వాడినవి జిప్సం, గాజు పీచు కలిపి చేసిన బోలు పలకలు. ఈ పలకలతో ఇళ్లు కట్టే విధానాన్ని మన దేశానికి తగినట్లు రూపొందించింది మద్రాసు ఐఐటీ. ఇవన్నీ ఖాళీ స్థలంలో కొత్తగా కట్టినవి. పాత ఇంటిపై గది వేయడంలో సరుకు ఇదే అయినా లెక్క వేరు.

కింద ఉన్న కప్పు ఏది?

పైన ఏ గది వస్తుందన్నది ఇంటి కప్పును బట్టే తేలుతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాత కప్పులు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది దూలాల మీద పలకలు లేదా కట్టెలు పరిచి మట్టి కప్పిన రాయలసీమ మిద్దె. దాని మీద గది మాట ఎత్తకూడదు. రెండోది టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా సున్నంతో పేర్చిన మద్రాసు టెర్రస్. కొయ్య చెదపట్టకుండా ఉంటే కప్పు గట్టిదే, కానీ కొత్త బరువు దాని మీద పడకూడదు. గోడల తలమీదికే పోవాలి. మూడోది ఇనుప గర్డర్ల మీదో రాతి దూలాల మీదో బండలు పరిచిన కప్పు. బండ బరువు మోస్తుంది కానీ వంగదు, చెప్పకుండా విరుగుతుంది. నాలుగోది 1970ల తర్వాత ఊరంతా పరుచుకున్న కాంక్రీటు స్లాబు.

స్లాబు అనగానే నిబ్బరపడే వీల్లేదు. ఊచకు తగినంత సిమెంటు కప్పు లేకపోతే, తేమ చేరితే, లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, అడుగు పెచ్చులు ఊడతాయి. అలిపిరి నుంచి తిరుమలకు వెళ్లే నడకదారి మీద కాంక్రీటు కప్పు కూడా శిథిలమై, దాన్ని తీసేసి కొత్తది వేయాల్సి వచ్చింది. కొత్త కప్పుతో ఆ దారి 2021 అక్టోబరులో ప్రారంభమైంది. పాత ఇంటి స్లాబును రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో చూడవచ్చు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క కోసి తీసి ప్రయోగశాలకు పంపుతారు. ఇప్పటికే ఉన్న కాంక్రీటు భవనాలు భూకంపాన్ని ఎంతవరకు తట్టుకుంటాయో అంచనా వేసి పటిష్ఠం చేయడానికి ఐఎస్ 15988 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది.

పునాది సంగతి ఇంకా ముఖ్యం. "రెండంతస్తులకు వేశాం" అని ఇంటాయన చెప్పే మాటకు కాగితం ఉండదు. ఓ మూల గుంట తవ్వి ఫుటింగ్ లోతు, వెడల్పు కళ్లారా చూడటమే పరీక్ష.

బరువు లెక్క

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిని ఉదాహరణగా తీసుకుంటే తేడా స్పష్టమవుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూతతో, పది అడుగుల ఎత్తున మీటరు పొడవుకు దాదాపు 1.4 టన్నులు తూగుతుంది. నాలుగు గోడలు కలిపి, తలుపూ కిటికీలూ తీసేస్తే 17 టన్నుల దరిదాపు. పైన ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 310 కిలోల పైమాటే. మొత్తం 20 టన్నులు దాటుతుంది. నాలుగున్నర అంగుళాల గోడ కట్టినా 12, 13 టన్నులకు తగ్గదు.

అదే గదిని 50 మిల్లీమీటర్ల పఫ్ పలకలతో, అంటే నురుగు నింపిన శాండ్‌విచ్ పలకలతో చేస్తే పలక బరువు చదరపు మీటరుకు 10 నుంచి 12 కిలోలు. గోడలు, కప్పు కలిపి 650 కిలోలు. ఉక్కు చట్రం, సిమెంటు బోర్డు నేల, తలుపు, కిటికీలు కలుపుకున్నా రెండు టన్నుల లోపే ఉంటుంది. పదో వంతు.

ఇంత తేలికైతే నేరుగా స్లాబు మీద పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. జనం తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. నివాస గదికైతే 200 కిలోలు. 11 చదరపు మీటర్ల గదిలో మనుషులు, మంచం, బీరువా, సామాన్ల కింద లెక్కించాల్సింది 2.2 టన్నులు. దానికి గది సొంత బరువు రెండు టన్నులు కలపాలి. మొత్తం నాలుగు టన్నులు దాటింది. ఆ మేరకు మిద్దె మోస్తుందని మొదట లెక్కగట్టినది 1.65 టన్నులే. అంటే తేలిక గది కూడా స్లాబు నడుమ కూర్చోకూడదు. కొత్తగా వేసే ఉక్కు దూలాల మీద కూర్చుని, బరువంతా పిల్లర్ల తలల మీదికో మోత గోడల మీదికో పోవాలి. గదికీ పాత మిద్దెకూ మధ్య జానెడు ఎత్తు ఖాళీ వదిలితే వాన నీరు పారడానికీ, వేడి దిగకుండా ఉండటానికీ అదే పనికొస్తుంది.

ఇక్కడ వాస్తు చర్చ రావడం ఖాయం. బరువు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం తేలికగా వదలాలి అన్నది ఊళ్లో గట్టి నమ్మకం. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు చాలా ఇళ్లలో అప్పటికే నైరుతి మూల ఎక్కి కూర్చుని ఉంటుంది. అది నిండితే ఒక టన్ను. అదే మూలకు కొత్త గది కూడా వస్తే రెండూ ఒకే పిల్లరు మీద పడతాయి. ఇంజనీరు ముందుగా అడగాల్సింది ట్యాంకు ఎక్కడికి జరుపుతారని.

రకాలు

పలకలుగా వచ్చేది, పెట్టెగా వచ్చేది అని రెండు రకాలు. పలకల పద్ధతిలో గోడలు, కప్పు విడివిడిగా వచ్చి మిద్దె మీద కూర్పు అవుతాయి. పెట్టె పద్ధతిలో గది మొత్తం ఫ్యాక్టరీలోనే పూర్తై, క్రేనుతో పైకెక్కుతుంది.

పెట్టెల్లో అందరికీ తెలిసింది సరుకు రవాణా కంటైనర్. 20 అడుగుల కంటైనర్ ఖాళీగా 2.2 టన్నుల చిల్లర ఉంటుంది. పాత సరుకును తిరిగి వాడటం మంచిదే, కానీ లోపలి వెడల్పు 2.35 మీటర్లు, ఎత్తు 2.39 మీటర్లు. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం ఒకే గది ఉన్న నివాసంలో ఆ గది వెడల్పు కనీసం 2.4 మీటర్లు, ఎత్తు మామూలుగా 2.75 మీటర్లు ఉండాలి. లోపల వేడి ఆపే పొర వేస్తే ఉన్న కొలతా తగ్గుతుంది. స్టోర్ రూముకో ఆఫీసుకో సరిపోయే పెట్టె కాపురానికి ఇరుకు. పైగా కంటైనర్ బలమంతా నాలుగు మూలల్లో, ముడతల గోడల్లో ఉంటుంది. కిటికీ కోసం గోడ కోసేస్తే చుట్టూ ఉక్కు చట్రం వేయక తప్పదు.

మన రోడ్ల మీద వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని మోటారు వాహన నిబంధన. అందుకే పెట్టె గదులన్నీ సన్నగా, పొడవుగా ఉంటాయి. వెడల్పాటి గది కావాలంటే రెండు పెట్టెలు పక్కపక్కన కలపాలి, లేదా పలకల దారి పట్టాలి.

ఈ సరుకు కోసం ఇప్పుడు దూరం పోనక్కర్లేదు. తిరుపతి జిల్లాలోనే, తడ దగ్గరి మాంబట్టులో ఈప్యాక్ ప్రీఫ్యాబ్ సంస్థకు ఫ్యాక్టరీ ఉంది. సుమారు లక్షన్నర చదరపు అడుగుల భవనాన్ని 150 గంటల్లో నిలబెట్టామని ఆ సంస్థ 2025లో ప్రకటించింది. పెద్ద షెడ్లకు పనికొచ్చే ఆ వేగం బైరాగిపట్టెడ సందులో రాదు.

సందులోకి చేర్చడం

కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు వైపు సాగే శ్రీనివాస సేతు ఊరి నడిమధ్యలో ముందే పోసిన కాంక్రీటు ముక్కలను క్రేన్లతో ఎక్కించి కట్టిన వంతెన. 2023 సెప్టెంబరులో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. దానికి కింద వెడల్పాటి రోడ్డు ఉంది. భేరి వీధి వంటి పాత వీధుల్లో క్రేను కాలు చాపడానికే చోటుండదు. పైన కరెంటు తీగలు, కేబుల్ తీగలు.

అందుకే పాత ఊళ్లో పలకల పద్ధతే నడుస్తుంది. మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు పఫ్ పలక 36 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలరు. పాత ఇంటి మెట్ల మలుపులో అది తిరగదు కాబట్టి బయటి నుంచి మోకు, కప్పీలతో పిట్టగోడ మీదుగా పైకి లాగుతారు. ముందు ఉక్కు దూలాలు, తర్వాత నిలువు చట్రం, ఆపై కప్పు, చివర గోడలు. కప్పు ముందే పడితే వాన వచ్చినా పని ఆగదు.

చట్రం పాదాల కింద బేస్ ప్లేట్లు పెట్టి, రంధ్రంలో రసాయన జిగురు నింపి బోల్టులు దించుతారు. ఈ రంధ్రం పిల్లరు తలలోనే పడాలి. లోపలి ఊచ ఎక్కడుందో స్కానర్‌తో చూసుకోకుండా డ్రిల్లు వేస్తే ఊచ తెగుతుంది. వేసిన ప్రతి రంధ్రమూ పాత మిద్దె నీటి కట్టును చీల్చినట్టే. బోల్టు చుట్టూ కట్టు మళ్లీ వేయకపోతే మొదటి కార్తీక వానకే కింది గది పైకప్పులో తడి మచ్చ కనిపిస్తుంది.

గాలి, నీరు

తిరుపతికి వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచినప్పుడు పడతాయి. 2021 నవంబరులో ఊరు మునిగినంత పని అయింది. ఆ రోజుల్లోనే శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి ఆవరణలో సిమెంటు వరలతో కట్టిన భూగర్భ నీటి తొట్టి, ఒక మహిళ లోపల శుభ్రం చేస్తుండగానే, నేలను చీల్చుకుని పైకి లేచింది. ఆమె స్వల్ప గాయాలతో బయటపడ్డారు. చుట్టూ నేల నీటితో నానిపోయింది, తొట్టి ఖాళీ అయింది. దాని సొంత బరువు కన్నా నీరు పైకి తోసే బలం ఎక్కువైంది.

వరలు కూడా ముందే పోసి తెచ్చే సరుకే. కట్టివేయని తేలిక వస్తువుకు నేలలో నీటితో ఎదురైన ప్రమాదమే మిద్దె మీద గాలితో ఎదురవుతుంది. ఐఎస్ 875 మూడో భాగంలోని సూత్రం ప్రకారం, సెకనుకు 40 మీటర్ల వేగంతో గాలి వీస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 98 కిలోల బరువుకు సమానం. 13 చదరపు మీటర్ల కప్పును అది టన్నుకు పైగా బలంతో పైకి పీకుతుంది. ఆ కప్పు బరువు 160 కిలోలు మాత్రమే. ఇటుక గదిని దాని బరువే కాపాడుతుంది. తేలిక గదిని కాపాడేది బోల్టే. కప్పు చట్రానికి, చట్రం దూలానికి, దూలం పిల్లరుకు ఎక్కడా తెగకుండా బిగింపు సాగాలి.

రేకు జోడింపుల దగ్గర సిలికాన్ పూత కొన్నేళ్లకు ఎండి పగులుతుంది. కొండ పక్క పేటల్లో కోతులు కప్పుల మీద దూకడం, నీటి తూములు పీకడం మామూలే. అందుకే అలిపిరి వైపు ఇళ్లకు పైరేకు మందం తగ్గించకపోవడమే తెలివి.

ఎండ

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. పఫ్ పలక వేడిని లోపలికి రానీయకపోవడంలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కన్నా నాలుగైదు రెట్లు మెరుగు. అయితే దానికి వేడిని నిలువ ఉంచుకునే గుణం లేదు. కిటికీ గుండా ఎండ పడితే గది గబుక్కున వేడెక్కుతుంది, సాయంత్రం తలుపులు తీస్తే అంతే త్వరగా చల్లబడుతుంది. ఎదురెదురు కిటికీలు, పడమటి వైపు నీడ, తెల్లని కప్పు ఉంటేనే పలక గుణం అక్కరకొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. అక్కడ చెప్పిన తెల్ల పూత సూత్రం ఇక్కడా అంతే పనిచేస్తుంది.

ఈ గది వల్ల కింది అంతస్తుకు దక్కే లాభాన్ని మామూలుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మధ్యలో గాలి ఆడే ఖాళీతో పైన నీడ పడితే పాత స్లాబు నేరుగా కాగదు.

పర్యావరణ లెక్క

టన్ను ఉక్కు తయారీలో రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఉక్కు వాడే గది పచ్చని గది ఎలా అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు పరిమాణంలో ఉంది. చిన్న గది చట్రానికి, నేల దూలాలకు ముప్పాతిక టన్ను నుంచి టన్ను దాకా ఉక్కు పడుతుంది. ఇటుక గదికి కాల్చిన మట్టి, సిమెంటు, ఇసుక, కంకర, ఊచ కలిపి 20 టన్నులు. ఉక్కును విప్పి మళ్లీ వాడవచ్చు, కరిగించవచ్చు. కూల్చిన గోడ చెత్త కింద పోతుంది.

నీటి పొదుపు తిరుపతికి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి. కల్యాణి డ్యాం, తెలుగు గంగ నీటి మీద ఆధారపడే ఊరు ఇది. స్లాబు పోస్తే ఐఎస్ 456 ప్రకారం కనీసం ఏడు నుంచి పది రోజులు నీళ్లు పట్టాలి. పలకల గదికి ఆ నీరు అక్కర్లేదు.

అసలు లాభం ఇంకోటి. ఉన్న ఇల్లు నిలబడుతుంది. పాత ఇల్లు కూల్చి కొత్తది కడితే మొదటి ఇంట్లో అప్పటికే ఖర్చైన ఇటుక, సిమెంటు, టేకు అన్నీ వృథా అవుతాయి.

పలకల్లో వాడే నురుగు మీద జాగ్రత్త ఉండాలి. ఒకప్పుడు ఆ నురుగును ఉబ్బించడానికి ఓజోన్ పొరను దెబ్బతీసే హెచ్‌సీఎఫ్‌సీ 141బి రసాయనం వాడేవారు. భారత్ 2020 జనవరి 1 నుంచి దాన్ని పూర్తిగా ఆపేసింది. మరో సమస్య నిప్పు. పఫ్ నురుగు అంటుకుంటే నల్లటి విషపు పొగ వస్తుంది. వంట చేసే గదికి, పక్కింటి గోడకు ఆనుకున్న వైపుకు రాక్‌వూల్ నింపిన పలకో సిమెంటు బోర్డు గోడో వేయడం క్షేమం. ఆస్బెస్టాస్ కలిసిన రేకులను కోయడం, డ్రిల్లు వేయడం ఊపిరితిత్తులకు చేటు.

మిద్దె మీద గది వస్తే సోలార్ పలకలకు చోటు పోతుందన్న భయం ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ వస్తుంది. ఆ పలకలను కొత్త గది కప్పు మీదే బిగించవచ్చు. అయితే వాటి బరువు, వాటి మీద గాలి మొదటి లెక్కలోనే చేరాలి. తర్వాత తోచి ఎక్కించకూడదు.

అనుమతులు

"బోల్టులు విప్పితే పోయేదానికి అనుమతి ఎందుకు?" అన్న మాట తరచూ వినిపిస్తుంది. కాపురముండే గది ఏ సరుకుతో వేసినా అది అదనపు నిర్మాణమే. ఆంధ్రప్రదేశ్ భవన నియమావళి 2017, అంటే జీవో 119, రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తులను బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీని నిర్ణయిస్తుంది. నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగానికి సవరించిన ప్లాను, దాంతోపాటు నిర్మాణ ఇంజనీరు ధ్రువపత్రం ఇవ్వాలి. చుట్టుపక్కల ప్రాంతాలకు 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. అనుమతి లేకుండా వేసిన పెంట్‌హౌస్‌లను జరిమానాతో క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకం ప్రభుత్వాలు అప్పుడప్పుడూ తెచ్చాయి. అది వస్తుందని నమ్ముకుని కట్టడం జూదం.

కరెంటు తీగల దూరం ప్రాణం మీది సంగతి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఇంటి సరఫరా తీగకు గది నుంచి పక్కకు కనీసం 1.2 మీటర్లు, కప్పు మీద నిలువుగా 2.5 మీటర్లు ఖాళీ ఉండాలి. 11 కేవీ లైనైతే నిలువు దూరం 3.7 మీటర్లు. నిన్నటిదాకా దూరంగా ఉన్న తీగ పైన గది లేచేసరికి చేతికందుతుంది. తీగ జరపాలంటే దరఖాస్తు దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు పెట్టాలి. దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది.

కొండ మీద ప్రయోగం

తిరుమలలో శాశ్వత కట్టడాలు ఇష్టం వచ్చినట్టు పెంచే వీలు లేదు. ఈ ఇబ్బందికి విరుగుడుగా 2023 జూలైలో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రయోగాత్మకంగా రెండు కంటైనర్ గదులు ఏర్పాటు చేసింది. విశాఖపట్నానికి చెందిన ఒక దాత వీటిని ఇచ్చారు. ఒకటి డ్రైవర్ల విశ్రాంతికి, రెండోది రాంభగీచా ప్రాంతంలో భక్తులకు. మంచాలు, స్నానాల గది లోపలే అమర్చిన ఈ పెట్టెలు నేల మీద నిలబడ్డాయి కాబట్టి పాత కప్పు సమస్య వాటికి లేదు. పునాది తవ్వకుండా, చెట్టు కొట్టకుండా వసతి ఇవ్వవచ్చని చూపడం వరకు ఆ ప్రయోగం ముఖ్యమైనది.

ఇతర దేశాల్లో

స్పెయిన్‌లోని బార్సిలోనాలో లా కాసా పోర్ ఎల్ తెహాదో అనే సంస్థ పాత భవనాల కప్పుల మీద ఫ్యాక్టరీలో చేసిన ఇళ్లను క్రేనుతో దించుతోంది. 19వ శతాబ్దిలో రూపుదిద్దుకున్న ఎషాంప్లా పేటలో ఇంకా పైకి కట్టుకునే హక్కు మిగిలిన భవనాలను వెతికి, ఆ హక్కు కొని, ఆ డబ్బుతో కింద పాత భవనం మరమ్మతు కూడా చేయించడం వాళ్ల పద్ధతి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇళ్ల కొరత తీర్చేందుకు 2017 నుంచి, మరింత సడలింపుతో 2020 నుంచి, ఉన్న ఇంటి ఆవరణలో రెండో చిన్న ఇల్లు వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. షరతులు సరిపోతే 60 రోజుల్లో అనుమతి తేల్చాలి. ముందే ఆమోదించిన నమూనాలను శాన్ హోసే వంటి నగరాలు సిద్ధంగా ఉంచుతున్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతంలో ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు పెరటి గది పెద్ద ఆసరా.

తిరుపతికి పనికొచ్చే పాఠం ఈ నమూనాల పద్ధతిలోనే ఉంది. 10 అడుగులకు 12 అడుగులు, 12 అడుగులకు 15 అడుగులు వంటి రెండు మూడు కొలతలకు ఇంజనీర్లు లెక్కలు కట్టి, దూలం, బోల్టు, పలక వివరాలతో నగరపాలక సంస్థ ఆమోదముద్ర వేసి ఉంచితే ఇంటాయనకు మిగిలేది తన పాత ఇంటి బలం పరీక్ష ఒక్కటే. విశ్వవిద్యాలయం, ఐఐటీ ఉన్న ఊరికి ఇది అసాధ్యం కాదు. అంతవరకు మిద్దె మీద గది తలపెట్టేవారు పలకల అమ్మకందారు దగ్గరికి పోవడానికి ముందు నిర్మాణ ఇంజనీరును పిలిచి పిల్లరు, పునాది చూపించుకోవాలి. పాత ఇల్లు మోయలేదని ఆయన తేల్చితే ఆ గది వేయకూడదు.